మా బాబు బియర్డెడ్ డ్రాగన్‌కి లైటింగ్ సరిగ్గా ఉందా? కాలి వేళ్ళు అదురుతున్నాయి, ఎవరైనా చెప్పండి

స్వాతి, నేపర్‌విల్

అందరికీ నమస్తే. మాది చికాగో పక్కన నేపర్‌విల్. మా బాబుకి తొమ్మిదేళ్ళు, రెండేళ్ళుగా ఒకటే గొడవ, కుక్క వద్దు పిల్లి వద్దు నాకు బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లే కావాలి అని, ఆఖరికి మొన్న ఆగస్టులో వాడి పుట్టినరోజుకి కొనిపెట్టాం. అప్పుడు నా అరచేతిలో పట్టేంత ఉంది, ఒళ్ళంతా లేత గోధుమ రంగు, మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి బెల్లం ముక్కలా ఉందే అన్నారు, ఇక దాని పేరు బెల్లం అయిపోయింది. ఇప్పుడు తోకతో కలిపి పదకొండు అంగుళాలు ఉంటుంది.

సమస్య ఏంటంటే పది రోజులుగా తిండి బాగా తగ్గించేసింది. ముందు రోజుకి పాతిక ముప్ఫై క్రికెట్లు, అదే కీచురాళ్ళు, గబగబా తినేది, ఇప్పుడు నాలుగైదు తిని వదిలేస్తోంది. మొన్న రాత్రి బాబు చేతిలోకి తీసుకుని అమ్మా దీని వేళ్ళు చూడు అన్నాడు, చూస్తే వెనక కాళ్ళ వేళ్ళు సన్నగా అదురుతున్నాయి, వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్‌లాగా, రెండు మూడు సెకన్లు అదరడం ఆగడం మళ్ళీ అదరడం. నడక కూడా మారింది, ఇదివరకు ఒళ్ళు పైకెత్తి పరిగెత్తేది, ఇప్పుడు పొట్ట నేలకి రాసుకుంటూ పాకుతోంది. అత్తగారు ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, చలికి వణుకుతోందేమో అంటున్నారు, నవంబర్ కదా, బయట మంచు మొదలైంది.

మా సెటప్ ఇదీ. షాపులో కిట్ అని మొత్తం కలిపి ఇచ్చారు. 20 గ్యాలన్ల గాజు ట్యాంకు, పైన జాలీ మూత, దాని మీద రెండు బల్బులు పట్టే లైటు. ఒకవైపు వేడికి తెల్ల బల్బు, రెండోవైపు మెలికలు తిరిగిన యూవీబీ (అతినీలలోహిత కిరణాల) బల్బు, అదే మన పాత సీఎఫ్ఎల్ లాంటిది. రాత్రికి తెల్ల బల్బు తీసి ఎర్ర బల్బు పెడతాం. అడుగున కాల్షియం ఇసుక అని వాళ్ళే ఇచ్చిన ఇసుక. లోపల గోడకి అంటించే ముల్లు థర్మామీటర్ ఉంది, 88 ఫారన్‌హీట్ చూపిస్తోంది. తిండి క్రికెట్లు, ఇంకా పాలకూర, అది ఇష్టంగా తింటుంది. కాల్షియం పొడి ఎప్పుడైనా గుర్తొస్తే వేస్తాం. ఎండ మంచిదని రోజూ రెండు గంటలు ట్యాంకుని కిటికీ దగ్గరికి జరుపుతున్నాం.

లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేస్తున్నామో అర్థం కావట్లేదు. బాబు రాత్రి లేచి లేచి వెళ్ళి చూసొస్తున్నాడు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.


సుధాకర్, హ్యూస్టన్

స్వాతి గారూ, ముందు ఒక్కమాట, మిగతాది తర్వాత చదువుకోండి. వేళ్ళు అదరడం, తిండి మానడం, పొట్ట ఈడ్చుకుంటూ నడవడం ఈ మూడూ కలిసి వచ్చాయంటే కాల్షియం బాగా పడిపోయిందేమో అని అనుమానించాలి, దీన్ని మెటబాలిక్ బోన్ డిసీజ్ అంటారు, అందరూ ఎంబీడీ అని రాస్తారు. రేపు పొద్దున్నే ఎగ్జాటిక్ వెట్‌కి ఫోన్ చేయండి. కుక్కలూ పిల్లుల్నీ చూసే మామూలు వెట్ కాదు, సరీసృపాలు చూసేవాళ్ళు కావాలి, ఏఆర్‌ఏవీ అని సరీసృపాల వెట్‌ల సంఘం ఉంది, వాళ్ళ సైట్లో మీ ఊరు కొడితే దగ్గరున్నవాళ్ళు వస్తారు. వేళ్ళు అదురుతున్నాయి అని ఫోన్లోనే చెప్పండి, తొందరగా టైమ్ ఇస్తారు. ఈ లోపల దాన్ని ఎక్కువ పట్టుకోవద్దు, ఎత్తు మీద నుంచి దూకనివ్వొద్దు, ఈ స్థితిలో ఎముక ఊరికే విరుగుతుంది. దవడ కింద మెల్లగా వేలు ఆనించి చూడండి, గట్టిగా ఉందా రబ్బరులా ఉందా అని, అది వెట్‌కి చెప్పాలి. నొక్కొద్దు.

ఇక లైటు సంగతి. నేను పదకొండేళ్ళుగా వీటిని పెంచుతున్నా, కొత్తవాళ్ళందరూ పడే గుంట ఇదే. మీరు రాశారు చూడండి, లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి అని. యూవీబీ మన కంటికి కనపడదండీ. మనకి కనిపించే వెలుగు వేరు, దానికి కావల్సింది వేరు. దాని చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టెరాల్ అని ఒక పదార్థం ఉంటుంది, దాని మీద యూవీబీ పడితే అది మారి, తర్వాత ఒంటి వేడికి డి3 విటమిన్ అవుతుంది. ఆ డి3 ఉంటేనే పేగు తిండిలోంచి కాల్షియం లాక్కుంటుంది. అది లేకపోతే మీరు క్రికెట్ల మీద ఎంత పొడి చల్లినా కిందనుంచి వెళ్ళిపోతుంది, రక్తానికేమో కాల్షియం కావాలి, గుండె కొట్టుకోవాలన్నా కండరం కదలాలన్నా అదే, అందుకని ఒళ్ళు తన ఎముకల్నే కరిగించి తీసుకోవడం మొదలెడుతుంది. వేళ్ళు అదిరే టైముకి ఎముకలు చాలానే ఖర్చయిపోయి ఉంటాయి.

మెలికల బల్బుతో ఇబ్బంది ఏంటంటే అది వదిలే యూవీబీ తక్కువ, అది కూడా బల్బు కింద కొంచెం మేరకే, నాలుగైదు అంగుళాలు దాటితే పడిపోతుంది. మధ్యలో జాలీ కూడా ఉంది, మెష్ సన్నంగా ఉంటే మూడోవంతు దాకా అక్కడే ఆగిపోతుంది. పైగా మీ వేడి బల్బు ఒక చివర, యూవీ బల్బు ఇంకో చివర. అది వేడి కాగడానికి ఒక మూలకి పోతుంది, యూవీ ఇంకో మూల ఊరికే కారిపోతుంది. ఎండలో వేడీ యూవీ ఒకేచోట వస్తాయి కదా, ట్యాంకులో కూడా రెండూ పక్కపక్కనే ఒకే రాయి మీద పడాలి.

కిటికీ అద్దం లోంచి వచ్చే ఎండలో యూవీబీ ఉండదు, అద్దం ఆపేస్తుంది. అంతకంటే డేంజర్ గాజు ట్యాంకుని నేరుగా ఎండలో పెడితే లోపల వేడెక్కి ఉడికిపోతుంది. అది మాత్రం ఇవాళే ఆపేయండి.

కొనాల్సింది టీ5 హెచ్‌ఓ అనే సన్నటి యూవీబీ ట్యూబు, రిఫ్లెక్టర్ ఉన్న పట్టీతో. ఆర్కేడియా 12 శాతం గానీ జూమెడ్ రెప్టీసన్ 10.0 గానీ, నేను రెండూ వాడాను, రెండూ మంచివే. టీ8 అని లావు ట్యూబు కూడా దొరుకుతుంది, అది బలహీనం, ఆరు నెలలకే మార్చాలి. ట్యాంకు పొడవులో సగం నుంచి మూడింట రెండు వంతుల పొడవున్న ట్యూబు చాలు, మొత్తం పొడవుకీ వేయొద్దు, అటు చివర దానికి నీడ కావాలి. జాలీ మీద పెడితే దాని వీపుకీ ట్యూబుకీ మధ్య పది పన్నెండు అంగుళాలు ఉండేట్టు చూడండి.

రెండు విషయాలు చెప్పండి. యూవీ బల్బుకీ అది కూర్చునే చోటుకీ దూరం ఎంత? రాత్రి మీ ఇంట్లో ఎంత చల్లబడుతుంది?


స్వాతి, నేపర్‌విల్

సుధాకర్ గారూ చాలా థాంక్సండీ. గురువారం పొద్దున వెట్ అపాయింట్‌మెంట్ దొరికింది, అదరడం అనగానే వాళ్ళే ఇంకో పెట్‌ని వెనక్కి జరిపి ఇచ్చారు. దవడ కింద ఆనించి చూశాను, కొంచెం మెత్తగానే అనిపించింది, నాకు చేతులు ఆడలేదు. టేపు పెట్టి కొలిస్తే బల్బు నుంచి ఇసుక దాకా పదకొండు అంగుళాలు. రాత్రి హీటింగ్ 68 లో పెడతాం. కిటికీ దగ్గర పెట్టడం మానేశాం. ఎర్ర బల్బు కూడా ఆపేయాలా? తీసేస్తే చలేస్తుందేమో అని అత్తగారు ఒప్పుకోవట్లేదు.


లావణ్య, మెల్‌బోర్న్

స్వాతీ, అత్తయ్యగారికి చెప్పండి, 68 అంటే మా లెక్కలో 20 డిగ్రీలు, దానికి రాత్రి అంత చల్లదనం ఉండాలి కూడా. ఇవి పుట్టింది ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎండు భూముల్లో, అక్కడ పగలు మండిపోతుంది, రాత్రి బాగా చల్లబడుతుంది. రాత్రి 65 ఫారన్‌హీట్ కంటే దిగితేనే వేడి ఆలోచించాలి, అప్పుడు కూడా వెలుగు లేని సిరామిక్ హీటర్ పెట్టాలి గానీ ఎర్ర బల్బు కాదు. ఎర్రరంగు వాటికి కనపడదు అని షాపుల్లో చెప్తారు, అది తప్పు. మనకంటే ఎక్కువ రంగులు చూస్తాయవి, అతినీలలోహితం దాకా. పైగా తల మధ్యలో చూడండి, రెండు కళ్ళకీ వెనక నడినెత్తిన ఒక పొలుసు మిగతావాటికంటే వేరేగా మసగ్గా ఉంటుంది, దాన్ని మూడో కన్ను అంటారు, బొమ్మ కనపడదు గానీ వెలుగు చీకటి తెలుస్తుంది. రాత్రంతా నెత్తిన ఎర్ర దీపం వెలిగితే ఇక నిద్రెక్కడిది.

మేము ఒకసారి మిల్‌డ్యూరా వైపు కారులో వెళ్ళాం, విక్టోరియా రాష్ట్రానికి ఆ వాయవ్య మూల ఇవి బయట తిరుగుతాయి. పొద్దున ఎనిమిదిన్నర అప్పుడు కంచె గుంజల మీద ఒక్కొక్కటి ఎక్కి ఒళ్ళు చపాతీలా పరుచుకుని ఎండకి అడ్డంగా తిరిగి కూర్చున్నాయి. మధ్యాహ్నం అదే దారిలో తిరిగి వస్తే ఒక్కటీ లేదు, పొదల కింద నీడలోకి పోయాయి. మళ్ళీ సాయంత్రం వచ్చాయి. నేను అప్పుడే అనుకున్నాను, అచ్చం మా ఒంగోలు ఇంటి ముందు కంపచెట్టు మీద తొండలాగే ఉందే అని, తల పైకీ కిందకీ ఊపడం కూడా అదే. తర్వాత తెలిసింది తొండా ఇదీ ఒకటే కుటుంబమని, అగామిడే అంటారు. చిన్నప్పుడు తొండని చూడనివాళ్ళు మనలో ఎవరుంటారు, అది పొద్దున ఏం చేసేదో గుర్తు తెచ్చుకోండి, ట్యాంకు ఎలా సర్దాలో సగం అర్థమైపోతుంది. ఎండపొడ తగిలే ఎత్తైన చోటు ఒకటి, వేడెక్కాక దిగి పోవడానికి నీడ ఒకటి. ఎంత వేడి కావాలో ఎంత యూవీ కావాలో అది తనే చూసుకుంటుంది, మనం రెండు చోట్లూ ఇవ్వాలి అంతే.

నోరు తెరిచి కూర్చుంటే భయపడొద్దు, కాగేటప్పుడు ఒళ్ళు ఎక్కువ వేడెక్కితే అలా తెరుస్తాయి. ముందు చెయ్యి మెల్లగా గాల్లో తిప్పడం కూడా మామూలే, చిన్నవి పెద్దవాటికి తలొంచుతున్నా అని చెప్పే పద్ధతి అది. అదే గడ్డం నల్లగా చేసుకుని అలాగే ఉండిపోతే మాత్రం ఏదో నొప్పో భయమో ఉన్నట్టు.

ఇక్కడ విక్టోరియాలో దీన్ని పెంచాలంటే వైల్డ్‌లైఫ్ లైసెన్సు తీసుకోవాలి. ఆస్ట్రేలియా 1960ల నుంచే తన అడవి జంతువుల్ని అమ్మకానికి బయటికి పోనివ్వట్లేదు, కాబట్టి అమెరికాలో ఉన్నవన్నీ ఎన్నో తరాలుగా గాజు పెట్టెల్లో పుట్టి పెరిగినవే. ఎన్ని తరాలు పెట్టెలో పుట్టినా ఆ చర్మం ఆ ఎండనే అడుగుతుంది తల్లీ, అందుకే లైటు దగ్గర డబ్బులు చూసుకోవద్దు, కావాలంటే ట్యాంకులో పెట్టే బొమ్మల దగ్గర తగ్గించుకోండి.


రమేశ్, అరోరా

అక్కా నమస్తే, మాది వరంగల్, ఇప్పుడు అరోరాల ఉంటున్న, మీకు ఇరవై నిమిషాల దూరమే. నా దగ్గర రెండు బియర్డీలు ఉన్నయ్, వేరువేరు ట్యాంకులల్ల. సోలార్‌మీటర్ 6.5 అని చేతిల పట్టుకునే మీటర్ ఉంటది, యూవీ ఇండెక్స్ ఎంత పడుతుందో నంబరు చూపిస్తది, నా దగ్గర ఉంది. రెండొందల డాలర్ల పైనే ఉంటది, ఒక్క ట్యాంక్ కోసం మీరు కొనుడు ఎందుకు, శనివారం నేను తీస్కొని వస్త. కొత్త ట్యూబ్ అప్పటిదాకా వస్తే రెండు చెక్ చేద్దం. అది కూసునే రాయి మీద నాలుగు నుంచి ఆరు మధ్యల రావాలె, అటు నీడ దిక్కు సున్నాకి దగ్గర ఉండాలె.

వేడి సంగతి నేను చెప్త. ఆ ముల్లు థర్మామీటర్ తీసి పక్కకు పెట్టున్రి, అది గోడ మీద గాలి వేడి చూపిస్తది, బల్లి కూసునేది రాయి మీద. పదిహేను ఇరవై డాలర్లకు టెంప్ గన్ దొరుకుతది, రాయి మీదికి కొట్టి చూడున్రి. రాయి మీద 100 నుంచి 110 ఫారన్‌హీట్ మధ్య రావాలె, పిల్ల కాబట్టి 105 దగ్గర పెట్టున్రి. చల్ల దిక్కు 75 నుంచి 85. అవతల దిక్కు గూడ వంద ఉంటే దానికి తప్పించుకోనీకి జాగ లేదన్నట్టు.

వేడికి హాలోజెన్ ఫ్లడ్ బల్బు చాలు, పార్38 అని రాసి ఉంటది, 75 వాట్లయినా 90 వాట్లయినా. ఎల్‌ఈడీ కాదు, అది వేడి ఇయ్యదు. హోల్డర్ సిరామిక్‌ది ఉండాలె, ప్లాస్టిక్‌ది అయితే కరుగుతది. డిమ్మర్ ఒకటి పెట్టుకొని తిప్పుకుంట 105 కి తెచ్చుకోవాలె, పైసలుంటే డిమ్మింగ్ థర్మోస్టాట్ పెట్టున్రి, అది తనే చూస్కుంటది. లైటుని క్లిప్ మీద మాత్రం నమ్మి వదలకున్రి, క్లిప్ జారి కార్పెట్ మీద పడితే ఇల్లే అంటుకుంటది, చైన్‌తోని కట్టి కొండికి వేలాడదీయున్రి. టైమర్ పెట్టి పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పన్నెండు గంటలు నడవనియ్యున్రి, ఎండకాలం పద్నాలుగు చేయొచ్చు. హీట్ రాక్ అని కరెంటు రాయి అమ్ముతరు, అది అస్సలు వద్దు, పొట్ట కాలినా వాటికి తెలువది.


ఉష, ఎడిసన్

నేను ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు ఆలోచించాను. మా అమ్మాయి టోనీ అని పెట్టుకుంది దాని పేరు, నాలుగేళ్ళ క్రితం, మీలాగే కిట్, మీలాగే మెలికల బల్బు. వేళ్ళు అదిరినప్పుడు మేము చలి అనుకున్నాం, ఇంకో వేడి బల్బు కొనిపెట్టాం. మూడు వారాలు అలాగే గడిచాయి. ఒకరోజు పొద్దున చూస్తే వెనక కాలు పక్కకి మడత పడి ఉంది, అంత ఎత్తు నుంచి పడింది కూడా లేదు, రాయి మీద నుంచి దిగిందంతే. వెట్ చూసేసరికి దవడ, తొడ ఎముక, వెన్ను అన్నీ దెబ్బతిన్నాయి, దక్కలేదు. చివరి రోజు దాకా ఆ బల్బు వెలుగుతూనే ఉంది. మీరు పది రోజులకే అడిగారు స్వాతీ, చాలా నయం, చిన్న వయసులో తొందరగా పట్టుకుంటే కోలుకుంటాయి.

తిండి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పాలకూర ఆపేయండి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు, ఉన్న సమస్యకి అది తోడవుతుంది. తోటకూర కూడా అంతే, మన ఇళ్ళల్లో ఉంటుంది కదా అని వేసేస్తాం. వాటి బదులు కొలార్డ్ గ్రీన్స్, ఆవాకు, టర్నిప్ ఆకు, డాండెలైన్ ఆకు వేయండి, బటర్‌నట్ గుమ్మడికాయ తురిమి పైన కొంచెం చల్లితే ఆ రంగుకి వచ్చి తింటాయి. మందు కొట్టని మందార పువ్వు ఉంటే వేసి చూడండి, మా టోనీ ఆ పువ్వు కోసం ట్యాంకు అంతా పరిగెత్తేది. అవకాడో వద్దు, అది విషం. వేసవిలో పెరట్లో మిణుగురులు వస్తాయి కదా మీకు, ఒక్కటి మింగినా చచ్చిపోతుంది, బాబుకి ఇప్పుడే గట్టిగా చెప్పి ఉంచండి.

క్రికెట్ల సైజు దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దగా ఉండకూడదు. క్రికెట్లలో భాస్వరం ఎక్కువ కాల్షియం తక్కువ, అందుకని పొడి చల్లడం ఎప్పుడో గుర్తొస్తే కాదు, చిన్నపిల్ల కాబట్టి దాదాపు రోజూ, ఒక కవర్లో క్రికెట్లు వేసి పొడి వేసి ఊపి ఇవ్వండి. ఎంత, డి3 కలిపిందా కలపనిదా అన్నది వెట్‌ని అడగండి, లోపలికి తీసుకునే డి3 ఎక్కువైనా ప్రమాదమే. నల్ల సోల్జర్ ఫ్లై పురుగులు దొరికితే తెండి, వాటిలో సహజంగానే కాల్షియం ఎక్కువ. ఇసుక తీసేసి పేపర్ టవల్ పరవండి ప్రస్తుతానికి, కాల్షియం తక్కువైనవి ఇసుక నాకుతాయి, అది కడుపులో గడ్డకట్టి అడ్డం పడుతుంది.

ఇంకోటి, దాని గిన్నెలు మీ కిచెన్ సింకులో కడగొద్దు. సరీసృపాలు ఆరోగ్యంగా కనపడుతున్నా సాల్మొనెల్లా మోస్తుంటాయి. అయిదేళ్ళ లోపు పిల్లలకీ, 65 దాటినవాళ్ళకీ అది తీవ్రంగా వస్తుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది, మీ అత్తగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి గుర్తుపెట్టుకోండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు, ముద్దులు పెట్టడం లేదు.


స్వాతి, నేపర్‌విల్

అప్‌డేట్. ఉష గారూ మీరు రాసింది చదివి నేనూ మావారూ చాలాసేపు మాట్లాడలేదు. మీరు రాశారు కాబట్టే గురువారం దాకా దాన్ని కదపకుండా ఉంచాం.

వెట్ ఎక్స్-రే తీశారు. మామూలుగా ఎముక తెల్లగా కనపడాలి కదా, బెల్లానికి తొడ ఎముక పక్కన కండ రంగులోనే మసగ్గా ఉంది. విరగలేదు. ఎంబీడీ అనే చెప్పారు, రక్తంలో కాల్షియం తక్కువ ఉంది. సూది లేని సిరంజితో నోటి పక్కన చుక్కలు చుక్కలుగా వేసే ద్రవం ఇచ్చారు. మలం పరీక్షలో పరాన్నజీవులు ఏమీ లేవు. మందు ఎముకని నిలబెట్టదమ్మా, లైటు నిలబెడుతుంది, ఈ మందు అప్పటిదాకా టైము కొనిపెడుతుంది అంతే అన్నారావిడ.

శనివారం రమేశ్ గారు వచ్చారు. బాబు చేతికే మీటర్ ఇచ్చి కొలవమన్నారు. పాత మెలికల బల్బు వెలిగించి అది కూర్చునే చోట పెడితే 0.2. కళ్ళు జిగేల్ అనేంత వెలుతురుంది, మీటర్లో 0.2! జాలీ తీసేసి బల్బుకి మూడు అంగుళాల దగ్గరికి తీసుకెళ్తే అప్పుడు పెరిగింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాం, మంచి ఎండగా ఉంది, అద్దం మూసి పెడితే 0.0, తలుపు తెరిచి చెయ్యి బయటికి పెడితే 1.3. బాబు మూసి తెరిచి మూసి తెరిచి నాలుగుసార్లు చూశాడు. అత్తగారు కూడా లేచొచ్చి అద్దం మీద చెయ్యి పెట్టి, వేడి తగులుతోంది గదా మరి అన్నారు, వేడి వస్తుంది ఎండ రాదు నానమ్మా అని వాడే చెప్పాడు.

ఆ సాయంత్రమే పక్క వీధిలో ఎవరో అమ్ముతుంటే 40 గ్యాలన్ల ట్యాంకు తెచ్చుకున్నాం, నాలుగడుగులది పెద్దయ్యాక కొంటాం. 24 అంగుళాల టీ5 ట్యూబు, పక్కనే హాలోజెన్, కింద ఇటుకల మీద నల్ల పలకరాయి. రాయి మీద 4.1 వచ్చింది, మధ్యలో 1.8, అటు చివర 0.3, గుహలో సున్నా. టెంప్ గన్ పెడితే పాత ట్యాంకులో ముల్లు 88 చూపిస్తున్నప్పుడు రాయి 124 ఉంది! పాపం అందుకే అది ఎప్పుడూ దాని కిందకి రాకుండా మూలన ఉండేది, మేము ఎండ ఇష్టం లేదేమో అనుకున్నాం. ఇప్పుడు డిమ్మర్ తిప్పి 104 లో పెట్టాం.

ఆదివారం పొద్దున ఏడుకి లైట్లు వెలిగాయి, ఏడుంపావుకి గుహలోంచి తల బయటపెట్టింది, మెల్లగా పలకరాయి ఎక్కి ఒళ్ళు పరుచుకుని పడుకుంది. ఇక్కడికి వచ్చాక అలా పడుకోవడం మేము చూడటం అదే మొదటిసారి.

ఒక డౌటు. ఇక్కడ చలికాలం ఒక్కోసారి కరెంటు పోతుంది. అప్పుడేం చేయాలి?


సుధాకర్, హ్యూస్టన్

చాలా సంతోషం స్వాతి గారూ. వేళ్ళ అదురు వెంటనే పోదు, ఓపిక పట్టండి, ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. ట్యూబు వెలుగుతూనే ఉన్నా సంవత్సరానికి మార్చేయాలి, లోపల యూవీబీ తగ్గిపోతుంది కంటికి తెలియదు, దాని చివర తేదీ రాసి అంటించండి. మీకు మీటర్ ఉన్న మనిషి పక్కనే ఉన్నాడు కాబట్టి ఆరు నెలలకోసారి చూపించుకోండి.

కరెంటు గురించి నన్నే అడగాలి. 2021 ఫిబ్రవరిలో మా టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో మూడు రోజులు కరెంటు లేదు, హాల్లో 44 ఫారన్‌హీట్. అప్పుడు నా దగ్గర ఉన్నదాన్ని థర్మాకోల్ పెట్టెలో పాత ఉన్ని టోపీ వేసి పడుకోబెట్టి, గ్యాస్ స్టవ్ మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి, సీసాకి సాక్సు తొడిగి పక్కన పెట్టాను, ఒంటికి నేరుగా తగలకుండా. నాలుగు గంటలకోసారి మార్చాను, రాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ. మధ్యలో నా స్వెటర్ లోపల గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద జంతువైతే కొన్ని రోజులు చల్లగా కదలకుండా ఉన్నా తట్టుకుంటుంది, మీ పిల్లకి మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒకటే నియమం, వేడి లేనప్పుడు తిండి పెట్టొద్దు. ఒళ్ళు వెచ్చగా లేకపోతే అరగదు, కడుపులోనే కుళ్ళుతుంది. మూడు రోజులు తినకపోతే ఏం కాదు గానీ చల్లటి ఒంటితో తింటే ప్రమాదం. ఒక థర్మాకోల్ పెట్టె, చేతులు వెచ్చబెట్టుకునే హీట్ ప్యాకులు కొన్ని ఇప్పుడే కొని పక్కన పెట్టుకోండి, ప్యాకుని కూడా గుడ్డలో చుట్టాకే పెట్టాలి.

చలికాలంలో పెద్దవి కొన్ని వారాల తరబడి ముడుచుకుని పడుకుంటాయి, బ్రూమేషన్ అంటారు. మొదటి ఏడాది పిల్లకి అలా జరగడం మామూలు కాదు, బెల్లం అలా పడుకుంటే అదేలే అనుకోకుండా వెట్‌కి ఫోన్ చేయండి.


స్వాతి, నేపర్‌విల్

నాలుగు వారాలైంది. అదురు దాదాపు పోయింది, స్నానం చేయించినప్పుడు ఎప్పుడైనా ఒక్కసారి కనిపిస్తుంది. రోజుకి ఇరవై దాకా తింటోంది, సోల్జర్ పురుగులంటే ప్రాణం. కొలార్డ్ ఆకు మొదటి వారం ముట్టుకోలేదు, అత్తగారు గోరుచిక్కుడు తరిగినంత సన్నగా తరిగి పైన గుమ్మడి తురుము వేశారు, అప్పట్నుంచి తింటోంది. నిన్న క్రికెట్ వెనక ఒళ్ళు పైకెత్తి పరిగెత్తింది! వెనక ఎడమ కాలు కొంచెం వంకరగా ఉండిపోయింది, అది అలాగే ఉండొచ్చు అన్నారు వెట్. బాబు మాస్కింగ్ టేప్ మీద ట్యూబు పెట్టిన తేదీ రాసి అంటించాడు, వచ్చే నవంబర్ తేదీ కూడా కింద రాశాడు.

ఇప్పుడు ఇంకో సమస్య. అత్తగారిని దింపడానికి డిసెంబర్ 22 న గుంటూరు వెళ్తున్నాం, సంక్రాంతి అయ్యాక వస్తాం, టికెట్లు ఎప్పుడో తీసేసుకున్నాం. నాలుగు వారాలు. పెట్ హోటల్ వాళ్ళని అడిగితే బల్లుల్ని తీసుకోము అన్నారు. బాబైతే నేను రాను అంటున్నాడు.


రమేశ్, అరోరా

మా ఇంట్ల పెట్టున్రి అక్కా. ఉత్త బెల్లాన్ని కాదు, ట్యాంక్, ట్యూబు, హాలోజెన్, పలకరాయి అన్నీ ఎట్లున్నయో అట్లనే తేవాలె, జాగ మారినా లైటు మారొద్దు. మావోటితోని కలిపి పెట్టను, ఇవి ఒంటరి జీవాలు, ఒకదాన్నొకటి చూస్తేనే గడ్డం నల్లగ చేస్కుంటయ్, అందుకే మా పైన రూంల వేరే పెడ్త. పటకారు, గిన్నెలు కూడ మీవే తెండి, ఒకదాని రోగం ఇంకోదానికి అంటొద్దు. సిరంజిల మందు ఎన్ని చుక్కలు ఏ టైమ్‌కి అన్నది కాగితం మీద రాసియ్యున్రి, వెట్ నంబరు కూడ. 20 నాడు పొద్దున వ్యాన్ తీస్కొని వస్త, రాయి మీద మీటర్ మళ్ళ పెట్టి చూసినంకనే దాన్ని లోపల వదులుదం. బాబుకు చెప్పున్రి, రోజు పొద్దున ఏడుంపావుకు వీడియో పెడ్త, గుంటూర్ల అప్పుడు సాయంత్రం పావుతక్కువ ఏడు అయితది, అన్నం తినే ముందు చూస్కోవచ్చు.